మొదట మీ పాప పేరు రాయండి

మొన్న మా పాత కాలేజీ నుంచి ఇద్దరు కుర్ర లెక్చరర్లు మా ఇంటికి వచ్చారు. అడ్మిషన్ల కోసం ఊళ్ళ మీద పడాలట. ప్రిన్సిపాల్ ఒక్కొక్కరికీ కొన్ని ఊళ్ళు పంచారట. "మేడమ్, క్యాన్వాసింగ్‌లో మీరు ఎక్స్‌పర్ట్ అని అందరూ చెప్పుకుంటారు. తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలో చెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చాను గానీ ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కోపం లేదు, పాపం. ఆ ఎక్స్‌పర్ట్ అన్న మాట మీద కోపం. ఆ పూట ఏదో సర్ది చెప్పి పంపేశాను. అసలు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళూ, ఈ ఏడు పిల్లల్ని డిగ్రీలో వెయ్యబోతున్నవాళ్ళూ చదివితే చాలు.

ముప్పై ఏళ్ళ పైచిలుకు కెమిస్ట్రీ చెప్పాను. శృంగవరపుకోట వైపు కొన్నాళ్ళు, విజయనగరంలో కొన్నాళ్ళు, చివరి ఏళ్ళు శ్రీకాకుళం జిల్లాలో హైవేకి కాస్త లోపలగా ఉన్న ఒక చిన్న టౌనులో, గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో. టౌను పేరు చెప్పను. పైకి చూస్తే ఆ కాలేజీ ఎవరి కంటికీ ఆనేది కాదు. ప్రహరీ గోడ సగం కూలిపోయి మేకలు వరండాలోకి వచ్చేసేవి. వర్షం వస్తే ఆఫీసు రూములో బకెట్లు పెట్టుకునేవాళ్ళం. కానీ నా ల్యాబులో ఒక్కో పిల్లకి ఒక్కో బ్యూరెట్టు, చుక్కలు కొలిచే గాజు గొట్టం, ఉండేది. చెప్పేవాళ్ళలో సగం మంది డాక్టరేట్లు చేసినవాళ్ళు. క్లాసులో పదిహేను మంది ఉంటే అదే ఎక్కువ కాబట్టి, ఎవరికి ఏది రాదో మాకు పేరుపేరునా తెలిసేది. ఇంత మంచి సరుకు పెట్టుకుని, ఎవరూ రావట్లేదని ఏటేటా ఏడ్చేవాళ్ళం.

ఎందుకు వస్తారు? మా స్టాఫ్‌రూములో మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చుంటే వచ్చే మాటలు వింటే ఎవరైనా పారిపోతారు. ఒకరి కూతురు హైదరాబాదు, ఒకరి అబ్బాయి తిరుపతి, ఇంకొకరిది విశాఖపట్నం. ఫిజిక్స్ మాస్టారు మంచి మాటకారి. "మన ఊళ్ళోనే నాణ్యమైన చదువు" అని ఫ్లెక్సీ మీద రాయించింది ఆయనే. ఆయన కొడుకు విజయవాడ హాస్టల్లో ఉండేవాడు. ఇందులో తప్పేముందని ఎవరికీ అనిపించేది కాదు, నాకూ అనిపించలేదు. మేం వండి పెట్టేవాళ్ళం, తినేది వేరేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో పాటు కోపం వస్తుంది, అందరికంటే ముందు నా మీద.

డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయిన కొత్త అది. పిల్లలు కంప్యూటర్‌లో తమకి కావలసిన కాలేజీల పేర్లు వరసగా పెట్టుకోవాలి, వాటినే ఆప్షన్లు అంటారు. పెట్టిన వాటిలోంచే సీటు వస్తుంది, పెట్టనిది రాదు. సీటు వచ్చాక చెప్పిన రోజుల్లోగా కాలేజీకి వెళ్ళి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి చేరాలి. ఏ గ్రూపులోనైనా పిల్లలు మరీ తక్కువైతే ఆ గ్రూపే ఎత్తేస్తారు. మా బీఎస్సీ అప్పటికే అంచు మీద ఉంది. "ఈసారి పిల్లలు రాకపోతే మీ ల్యాబుకి తాళమే మేడమ్" అని ప్రిన్సిపాల్ నాతో తేల్చి చెప్పేశారు.

అలా ఒక మండుటెండ పూట నేనూ ఫిజిక్స్ మాస్టారూ ఆటో కట్టించుకుని, కరపత్రాల కట్ట పట్టుకుని, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరు వెళ్ళాం. మగవాళ్ళలో చాలామంది గుజరాత్ బోట్ల మీద ఉన్నారు. ఆడవాళ్ళు ఇసకలో వలలు పరిచి చేపలు ఎండబెడుతున్నారు. మాస్టారు ఆ వాసనకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఆటో దగ్గరే ఉండిపోయారు. నేను ముందుకి నడిచాను.

అక్కడ ఒక అమ్మాయి తల్లితో పాటు చేపలకి ఉప్పు పట్టిస్తోంది. ఇంటర్ అయిపోయిందనీ, మంచి మార్కులొచ్చాయనీ పక్కనున్నవాళ్ళు చెప్పారు. కరపత్రం ఇచ్చి, కెమిస్ట్రీ చెప్తాను అన్నాను. ఆ పిల్ల కరపత్రం చూడనే లేదు. చేతిలో ఉప్పు అలాగే ఉంచుకుని అడిగింది.

"మేడమ్, ఉప్పేస్తే సేప ఎందుకు కుల్లదు? ఉప్పు లోపలికెల్తాదా, నీరే బైటికొచ్చెస్తాదా?"

ముప్పై ఏళ్ళలో అలాంటి ప్రశ్న పిల్లల నోటి నుంచి నేను విన్నది బహు తక్కువ. పుస్తకంలో ఉన్నది అడిగేవాళ్ళే అందరూ. ఈ పిల్ల చేతిలో ఉన్నది అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "కాలేజీకి రా, ల్యాబులో చేసి చూపిస్తాను" అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

తల్లి మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. ఆమె ఎండుచేపలు బుట్టలో పెట్టుకుని సంతలు తిరిగి అమ్ముతుంది. కాలేజీ ఎంత దూరం, బస్సు ఎన్నింటికి, సాయంత్రం ఎన్నింటికి ఇంటికొస్తుంది, అన్నీ అడిగింది. అన్నిటికీ సంతోషంగా జవాబులు చెప్పాను. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రం దీపాలు పెట్టేలోపు ఇంట్లో ఉంటుందన్నాను. అది నిజం. ఆఖరికి ఆమె నాకు పిల్లలున్నారా అని అడిగింది. నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కతే కూతురు. ఆ ఏడే ఇంటర్ పాసైంది, అదీ బీఎస్సీయే చదువుతానంటోంది. ఆ మాటే చెప్పాను.

"ఆ పాపని ఏ కాలేజీలో ఏస్తన్నారు మేడమ్‌గోరూ?" అంది. నేను తటపటాయించడం చూసి మళ్ళీ అంది. "ఏటీ అనుకోకండి. సంతలో నన్నూ అడుగుతారు, మీ ఇంట్లో ఇదే వండుకుంటారా అని. నాను వండుకోని సేప నాను అమ్మను. అందుకని అడుగుతన్నాను."

అప్పుడు నా నోటికి ఏమొచ్చిందో అదే అనేశాను. "మా కాలేజీలోనే. ఇద్దరూ ఒకే క్లాసులో ఉంటారు."

"అయితే సరే. మీ పిల్లకి మంచిదైతే నా పిల్లకీ మంచిదే" అని ఆమె చేతులు దులుపుకుని లేచింది. ఆ ఊళ్ళో ఇంటర్ పాసైన ఆడపిల్లలు ఇంకా నలుగురు ఉన్నారు. వాళ్ళ తల్లులు ఈమె మాట కోసమే చూస్తున్నారని అప్పుడే తెలిసింది. ఆటోలో తిరిగొస్తుంటే ఫిజిక్స్ మాస్టారు, ఒక్క ఊళ్ళో ఐదు సీట్లు కొట్టేశారు మేడమ్ అని మెచ్చుకున్నారు. నేను ఎక్స్‌పర్ట్ అయింది ఆ రోజే.

ఆప్షన్లు పెట్టే వారంలో ఆ తల్లీ కూతురూ కాలేజీకి వచ్చారు. నా పక్కన కూర్చోబెట్టుకుని నేనే పెట్టించాను. ఇందులో పెట్టిందే వస్తుందమ్మా, పెట్టనిది రాదు, జాగ్రత్తగా చూసుకో అని పిల్లకి విడమరిచి చెప్పాను. మా కాలేజీ మొదట పెట్టాం. ఎందుకైనా మంచిదని రెండోదీ మూడోదీ పెట్టాలా అని ఆ పిల్ల అడిగితే, నీ మార్కులకి అవసరం లేదు అన్నాను. అదే వారం మా ఇంట్లో నా కూతురికీ నేనే పెట్టాను. అన్నీ విశాఖపట్నం కాలేజీలు. ఆ జాబితా అడుగున ఎక్కడా మా కాలేజీ పేరు లేదు. రెండు జాబితాలూ పెట్టిన చెయ్యి ఒక్కటే, నాకు ఏ కోశానా తప్పనిపించలేదు.

తరవాత సీట్లొచ్చాయి. ఆ పిల్లకి మా దగ్గర, నా కూతురికి విశాఖపట్నంలో ఒక పేరున్న ప్రైవేటు కాలేజీలో. చేరే రోజున పొద్దున్నే ఆమె వచ్చింది. సంత చీర కాకుండా మంచి చీర కట్టుకుంది. పిల్ల చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. వెనక మిగతా నలుగురు పిల్లలూ వాళ్ళ తల్లులూ ఉన్నారు. ఆఫీసు రూములో క్లర్కు ముందు ఫైలు పెట్టి, చుట్టూ చూసి నన్ను అడిగింది. "మీ పాప వచ్చినాదా?"

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. అదీ పాడుచేశాను. తను విశాఖపట్నంలో చేరుతోంది, అనుకోకుండా అక్కడ సీటొచ్చేసింది అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు. "ఆప్షను పెట్టకుండా సీటు రాదు గదా మేడమ్. మీరే సెప్పేరు."

తల కొట్టేసినట్టయింది. నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది. ఆ తల్లి టేబుల్ మీద ఫైలు వెనక్కి తీసుకుని కూతురి చేతికిచ్చింది. ఆఫీసులో అందరూ చూస్తుండగా నాతో అంది.

"మొదట మీ పాప పేరు రాయండి. దాని కింద నా పిల్ల పేరు రాయండి. సేరడానికి ఇంకా రేపు ఉన్నాది గదా. రేపు మల్లీ వస్తాం."

నన్ను తిట్టి పోయినా సరిపోయేది. ఆమె నాకు ఒక రోజు గడువిచ్చి వెళ్ళింది. రెండో విడతకి నా కూతురి ఆప్షన్లు మార్చి మా కాలేజీ పేరు పెట్టే వీలు ఇంకా ఉంది. ఇప్పటికీ నన్ను కాల్చుకు తినేది అదే.

ఆ సాయంత్రం ఇంట్లో హాలు మధ్యలో నా కూతురి సూట్‌కేసు తెరిచి ఉంది. జరిగింది చెప్పాను. మా ఆయన నవ్వేశారు. ఎవరో ఏదో అన్నారని పిల్ల భవిష్యత్తు పాడుచేస్తావా, మతి పోయిందా అన్నారు. నా కూతురు మాత్రం బట్టలు మడతపెట్టడం ఆపి అడిగింది.

"అమ్మా, మీ కాలేజీ బాగోదా?"

"బాగానే ఉంటుంది."

"మరి?"

"మనలాంటి వాళ్ళకి కాదే" అన్నాను.

అలా అన్నది నేనే. అదే కాలేజీలో జీతం తీసుకుని, అదే ల్యాబులో పాతికమంది పిల్లలకి టీచర్ ఉద్యోగాలొచ్చేలా చదువు చెప్పినదాన్ని. అది గవర్నమెంటు కాలేజీ కాబట్టి, అక్కడికి వచ్చేది చేపలవాళ్ళూ కూలివాళ్ళూ కాబట్టి, దగ్గర్లో ఉంది కాబట్టి నా కూతురికి తక్కువైపోయింది. ఇంతకంటే నా దగ్గర వేరే కారణం లేదు. ఎంత వెతికినా ఇప్పటికీ దొరకలేదు.

మర్నాడు సెలవు పెట్టి నా కూతుర్ని విశాఖపట్నంలో చేర్పించడానికి వెళ్ళిపోయాను. ఆ పని మా ఆయన చెయ్యగలరు. నేను ఆమెకి మొహం చూపించలేక పారిపోయాను. ఆ తరవాతి రోజు కాలేజీకి వెళ్తే మా ల్యాబు అటెండరు, నాతో సమానంగా సర్వీసున్న పెద్దమనిషి, నా వైపు చూడకుండా బల్ల తుడుస్తూ చెప్పాడు. "తొమ్మిదికే వచ్చేరు మేడమ్. మీరు సెలవులో ఉన్నారని సెప్పేను. అయినా తల్లీ పిల్లా బెంచీ మీద కూకున్నారు. మజ్జానం బస్సుకి ఎల్లిపోనారు."

ఐదుగురూ చేరలేదు. ఇంతకీ ఏం జరిగిందని ప్రిన్సిపాల్ నన్ను నిలదీస్తే ఫిజిక్స్ మాస్టారు నన్ను కాపాడబోయారు. "వాళ్ళకి చదువు విలువ ఏం తెలుస్తుంది సార్" అన్నారు. ఎవరికి తెలీదండీ? తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా సంత మానుకుని బెంచీ మీద కూర్చున్న మనిషికా, లేక మనకా? ఈ మాట అప్పుడు ఆయన మొహం మీద అడగాల్సింది. అడగలేదు. నన్ను వెనకేసుకొచ్చినందుకు థాంక్స్ చెప్పాను కూడా.

దసరా సెలవులకి నా కూతురు ఇంటికొచ్చింది. చిక్కిపోయింది. క్లాసులో తొంభైమంది అని చెప్పింది. ల్యాబు అంటే ఒక లెక్చరర్ ముందు నిలబడి చేస్తుంటే వెనకనుంచి చూసి, సీనియర్ల రికార్డు తెచ్చుకుని రాసుకోవడమేనట. బ్యూరెట్టు ఇంతవరకు చేత్తో ముట్టుకోలేదంది. పరీక్షకి టైట్రేషన్ ఎలా చెయ్యాలో నేర్పమని నన్ను అడిగింది. ఏం చేశానో చెప్పనా? దాన్ని తీసుకెళ్ళి నా ల్యాబులోనే నేర్పాను. సెలవుల్లో అటెండరు చేత తాళం తీయించి మరీ. బ్యూరెట్టులు వరసగా స్టాండ్లకి మెరుస్తూ ఉన్నాయి, వాడేవాళ్ళు లేక. అటెండరు కాసేపు గుమ్మంలో నిలబడి చూశాడు.

"పాప ఈ కాలేజీలోనే సేరిపోతే బాగుణ్ణు గదా మేడమ్. రోజూ తాళం తీసీవోణ్ణి" అన్నాడు.

మరుసటి ఏడు మా బీఎస్సీ గ్రూపు ఎత్తేశారు.

ఆ పిల్ల సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఊళ్ళో తిరిగే ఒక కాలేజీ బ్రోకరు, పై రాష్ట్రంలో నర్సింగ్ కాలేజీ ఉందని ఆ ఐదుగురినీ తీసుకెళ్ళాడు. చేరిన కొన్ని నెలలకి ఆ కాలేజీకి గుర్తింపే లేదని బయటపడింది. పిల్లలు ఇంటికొచ్చేశారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఈ మాట విన్నాక ఇంక ఆగలేక ఆ ఊరు వెళ్ళాను. సర్టిఫికెట్లు తెప్పించడానికి నాకు చేతనైన అర్జీలన్నీ రాసిపెడతానన్నాను. రాశాను కూడా. అవి తిరిగొచ్చేసరికి ఆ పిల్ల రొయ్యల కంపెనీలో పనికి కుదిరిపోయింది, చదువు మీద మనసు విరిగిపోయింది.

వెళ్ళిన రోజున ఆ తల్లి నన్ను పీట వేసి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. బ్రోకరునీ అదే ప్రశ్న అడిగావా అని నేనడిగాను.

"అడగకుండా ఉంటానా? తన సెల్లి ఆడే సదువుతన్నాదని సెల్లులో పోటో సూపించాడు. తెల్ల కోటేసుకుని ఉన్నాది. నమ్మేను." ఖాళీ గ్లాసు నా చేతిలోంచి అందుకుంటూ మళ్ళీ అంది. "మీరు నిజం సెప్పుంటే నాను పంపీదాన్నే మేడమ్‌గోరూ. నా కూతురు పట్నం ఎల్తాది, అది మా సరదా, ఈ కాలేజీ మాత్రం మంచిదే అనుంటే నమ్మీదాన్ని. మీరు అబద్దం ఆడేరు. అందుకని కాలేజీ కూడా అబద్దమే అనుకున్నాను."

ఆమె ప్రశ్న తప్పు కాదు. జవాబు చెప్పినవాళ్ళం ఇద్దరం దొంగలం, వాడు నాకంటే కాస్త బాగా అబద్ధమాడాడు. నా కాలేజీ నిజంగా మంచిదైనా, నా నోటివల్ల చెడ్డదైపోయింది.

అందుకే ఆ కుర్ర లెక్చరర్లకి చెప్తున్నాను. కరపత్రాలు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళేముందు మీ ఇంట్లో ఆ మాట తేల్చుకోండి. మీ పిల్లల జాబితాలో మీ కాలేజీ పేరు కనీసం ఆఖరున పెట్టగలరా? పెట్టలేకపోతే ఎందుకు పెట్టలేరో నిజం చెప్పండి, వాళ్ళు వింటారు. తల్లిదండ్రులకి కూడా ఒక మాట. దూరంగా ఉంది కాబట్టి మంచిది, దగ్గర్లో ఉంది కాబట్టి నాసి అనే లెక్క ఎక్కడ నేర్చుకున్నారు? ఒక్కసారి బస్సెక్కి ఆ దగ్గర కాలేజీకి వెళ్ళండి. కూలిన గోడ చూసి వెనక్కి తిరక్కండి. లోపలికెళ్ళి ల్యాబు తలుపు తీయించి చూడండి, పాఠం చెప్పేవాళ్ళ పేర్లు అడగండి. చూశాక నచ్చకపోతే అప్పుడు ఎంత దూరమైనా పంపండి. చూడకుండా కొట్టిపారేసినదాన్ని నేను, నా జీతం అక్కడే తీసుకుంటూ.

పోయిన నెల నరసన్నపేట సంతకి వెళ్ళాను. ఎండుచేపల వరసలో ఆమె కనిపిస్తుందేమోనని చూశాను. బుట్ట వెనక ఆమె లేదు, కూతురు కూర్చుంది. తల్లికి మోకాళ్ళ నొప్పులనీ, అందుకే పిల్ల కంపెనీ పని మానేసిందనీ పక్క బుట్టామె చెప్పింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. కొనడానికొచ్చినవాళ్ళంతా అడిగేదే అడిగాను. ఇవి బాగుంటాయా అన్నాను.

తల వంచుకుని కవరులోకి చేపలు ఏరుతూనే చెప్పింది. "మా ఇంట్లో ఇయ్యే వండుకుంటాం మేడమ్."

దెప్పిపొడవడానికి అన్నది కాదు. నా ముందు కొన్నామెకీ అదే చెప్పింది, నా తరవాత వచ్చినామెకీ అదే చెప్పింది.